అక్క కూతురికి ఎర్ర కార్డు

రాజోలు,
1 అక్టోబరు 2024.

మా తమ్ముడు శ్యామ్ బాబుకి,

మీ అక్క కృపావతి రాస్తున్నది. ప్రభువు నామంలో వందనాలు అని రాయడానికి చెయ్యి రావడం లేదు. అయినా చిన్నప్పటి అలవాటు కాబట్టి రాశాను, తీసుకో.

ఫోను ఉండగా ఈ ఉత్తరం ఏమిటి అనుకుంటావేమో. ఫోన్లో అయితే నేను అరుస్తాను, నువ్వు "సరేలే అక్కా, తర్వాత మాట్లాడదాం" అని పెట్టేస్తావు. కాగితంతో ఆ పప్పులు ఉడకవు. ఇరవై తొమ్మిదేళ్ళుగా పిల్లలకి తెలుగు చెబుతున్నదాన్ని, కోపంలో కూడా తప్పుల్లేకుండా రాయగలను. రిజిస్టరు పోస్టులో పంపుతున్నాను, అందలేదనడానికి వీల్లేకుండా. జవాబు కూడా కాగితం మీదే కావాలి.

ఒక్కటే అడుగుతాను. శనివారం నాడు అమలాపురం గ్రౌండులో, అంతమంది ముందర, నా కూతుర్ని బయటికి ఎందుకు పొమ్మన్నావు?

అది ఫైనలు. చెరొక గోలు అయి ఉంది. ఇంకా నాలుగు నిమిషాలే ఉంది. మన రాజోలు పిల్లలకి కార్నర్ వచ్చింది. జాస్మిన్ ఎగిరి తలతో కొట్టింది, బంతి వెళ్ళి వలలో పడింది. నేను ప్లాస్టిక్ కుర్చీ ఎక్కేశాను. మీ బావగారు నా కొంగు పట్టుకుని "దిగవే, కాళ్ళు విరుగుతాయి" అంటున్నారు. నీ ఈల వినపడింది. గోలుకే ఊదావనుకుని చప్పట్లు కొట్టాను కూడా. నా చప్పట్లు ఆగకముందే నువ్వు జాస్మిన్ దగ్గరికి నడిచి, జేబులోంచి ఎర్ర కార్డు తీసి ఆ పిల్ల మొహం ముందు ఎత్తావు. ఆలమూరు గోల్‌కీపరు పిల్ల కింద పడి భుజం పట్టుకుంది కాబట్టి, జాస్మిన్ తోసేసిందని తేల్చావు. గోలు పోయింది, పిల్లా పోయింది. పదిమందే మిగిలిన మనవాళ్ళ మీద ఆలమూరు వాళ్ళు ఆఖరి నిమిషంలో ఒకటి కొట్టి కప్పు పట్టుకుపోయారు.

జాస్మిన్ తోయలేదురా. నా కూతురు అల్లరిదే, నోరున్నదే, కానీ అబద్ధం చెప్పదు. ఇంటికొచ్చి ఒక్కసారే చెప్పింది, "అమ్మా, నేను ముట్టుకోలేదు" అని.

ఆలమూరు నీ అత్తారి ఊరని నాకు తెలుసు. రేచల్ తమ్ముళ్ళందరూ ఆ పక్కనే గొడుగులు వేసుకుని కూర్చున్నారు. మ్యాచ్ అయ్యాక వాళ్ళు నీ భుజం తట్టడం నేను చూశాను. అత్తారింట్లో కోడిపలావు బాగానే పెట్టి ఉంటారు.

నవంబరు రెండున జిల్లా జట్టు ఎంపిక. ఎర్ర కార్డు మీద ఉన్న పిల్లని గ్రౌండులోకి రానివ్వరట. ఎనిమిదో తరగతి నుంచి ఆ పిల్ల పొద్దున్నే లేచి పరిగెట్టింది ఆ జట్టు కోసమే. దానికి సమాధానం చెప్పు.

నీ అక్క,
కృపావతి


కొత్తపేట,
6 అక్టోబరు 2024.

అక్కకి వందనాలు.

నీ రిజిస్టరు ఉత్తరం అందింది. నేను స్కూల్లో ఉన్నాను, సంతకం పెట్టి తీసుకున్నది రేచల్. అక్క దగ్గర్నుంచి రిజిస్టరు అంటే ఎవరికో ఏదో అయిందని భయపడి చించి చదివింది. కోడిపలావు దాకా చదివి ఆ ఉత్తరం నా బల్ల మీద పెట్టి వెళ్ళిపోయింది. నాలుగు రోజులుగా మా ఇంట్లో మాటలు లేవు, అన్నం మాత్రం వడ్డిస్తోంది. నువ్వు కోప్పడవలసింది నా మీద. ఆవిడ ఏం చేసింది?

ఇక మ్యాచ్ సంగతి. నేను రెఫరీగా వస్తానని అడగలేదు. రావలసిన ఆయన రాజమండ్రిలో వానకి చిక్కుకుపోతే, పొద్దున ఏడింటికి కమిటీ ప్రెసిడెంటు రాజబాబుగారు ఫోన్ చేశారు. "అండీ, ఒక జట్టులో మా మేనకోడలు ఆడుతోంది, నేను ఊదకూడదండి" అన్నాను. ఆయన ఏమన్నారో తెలుసా? "అది నిజవేనండి, కానీ అవతలిది మీ అత్తారి ఊరు కదండీ. ఇటు మేనకోడలు, అటు బావమరుదులు. చుట్టరికం రెండు పక్కలా సరిసమానంగా ఉందండి. మీకంటే న్యాయస్థుడు ఎక్కడ దొరుకుతాడండి?" ఆ లెక్క విని నాకు నవ్వొచ్చింది. కమిటీలో మిగతావాళ్ళు కూడా ఆయ్, ఆయ్ అన్నారట. ఒప్పుకున్నాను. అదే నేను చేసిన మొదటి పొరపాటు.

రెండోది పొరపాటు కాదు. గోల్‌కీపరు బంతి కోసం ఎగిరినప్పుడు ఎదుటి ఆటగత్తె చేత్తో గానీ భుజంతో గానీ తోస్తే అది ఫౌలు. గాయం అయ్యేలా తోస్తే ఎర్ర కార్డు. పుస్తకంలో ఉన్నది అదే. నేను ఇరవయ్యారేళ్ళుగా ఈల ఊదుతున్నాను, ఒక్క ఫిర్యాదు లేదు. ఎవరి మొహం చూసీ ఊదలేదు. తల్లివి కాబట్టి నీకు బాధగా ఉంటుంది, అర్థం చేసుకోగలను. కానీ తల్లి కుర్చీ మీంచి చూసేదీ, రెఫరీ గ్రౌండులోంచి చూసేదీ ఒకటి కాదు.

బావమరుదులు భుజం తట్టింది వాన తగ్గిందని గొడుగు ఇవ్వడానికి వచ్చినప్పుడు. పలావు పెట్టలేదు. టీ కూడా ఇవ్వలేదు.

జాస్మిన్‌ని అడిగానని చెప్పు. బావగారికి వందనాలు.

నీ తమ్ముడు,
శ్యామ్ బాబు


రాజోలు,
10 అక్టోబరు 2024.

శ్యామ్ బాబుకి వందనాలు.

వాన తగ్గాక గొడుగు ఇచ్చారా? ఆ ముక్క ఇంకెవరికైనా చెప్పు.

రేచల్‌కి నేను ఉత్తరం రాయలేదు. కవరు మీద నీ పేరు ఉంది. అయినా నేను రాసిన పలావు మాట తప్పే, ఒప్పుకుంటున్నాను. ఫోన్ చేస్తే రేచల్ ఎత్తడం లేదు. కోపం తగ్గించుకుని వదినగారి ఫోన్ ఎత్తమన్నానని చెప్పు. మిగతా ఉత్తరంలో ఒక్క ముక్క కూడా వెనక్కి తీసుకోను.

"జాస్మిన్‌ని అడిగానని చెప్పు" అని ఎంత తేలిగ్గా రాశావురా! ఏమని చెప్పమంటావు? నిన్ను రౌడీవి అని వేలు చూపించిన మావయ్య నీ క్షేమం అడిగాడని చెప్పనా? ఆ పిల్ల బూట్లు బురదతోనే సంచిలో కట్టి అటక మీద పడేసింది. కాలేజీలో ఒక లెక్చరరు "ఏమ్మా, మమ్మల్ని కూడా తోసేస్తావా ఏంటి" అని వేళాకోళం చేశాడట. మొన్న ఆదివారం కూటంలో కూడా వెనక బెంచీలో ఎవరో అదే గుసగుస. అక్కడ కూడానా!

ఇంకో సంగతి విను. మొన్న సాయంత్రం ఆలమూరు గోల్‌కీపరు పిల్ల లక్ష్మీతులసి జాస్మిన్‌కి ఫోన్ చేసింది. ఇద్దరూ వేసవిలో ఒకే శిబిరంలో ఉన్నారు. నేను పక్కనే కూర్చుని చెవులారా విన్నాను. "అక్కా, నువ్వు నన్ను ముట్టుకోలేదక్కా. బురదలో నా కాలే జారిపోయింది. లేవబోతుంటే మా కోచ్ పడుకోమని సైగ చేసేరు. నాకు నిద్ర పట్టట్లేదక్కా" అని ఏడ్చింది. ఓడించిన జట్టు పిల్లకి నిద్ర పట్టడం లేదు. ఇరవయ్యారేళ్ళ రెఫరీకి మాత్రం పుస్తకంలో పేజీ కనపడుతోంది.

వీడియో ఉందేమోనని ఊరంతా అడిగాను. ఒక్కటే దొరికింది. అందులో బంతి వచ్చే వేళకి ఎవరిదో గొడుగు అడ్డం వచ్చింది. మీ బావమరిదిదే అయ్యుంటుంది.

కాలేజీలో ఆటలు నేర్పే మన పి.డి. మేడమ్ కమిటీకి అర్జీ పెట్టింది. గోలు సంగతి వాళ్ళు వినరట, ఆట అయిపోయాక రెఫరీ మాటే ఆఖరు మాట. కానీ కార్డు మాత్రం రద్దు చెయ్యొచ్చట, రెఫరీ తానే పొరబడ్డానని రాసిస్తే. గడువు ఈ నెల ఇరవై అయిదు. కప్పు నాకు అక్కర్లేదు, దాంతో మీ ఆలమూరు వాళ్ళని మంచినీళ్ళు తాగమను. నువ్వు నాలుగు లైన్లు రాయి. అంతే అడుగుతున్నాను.

ఈసారి మామూలు పోస్టులోనే పంపుతున్నాను.

అక్క


కొత్తపేట,
14 అక్టోబరు 2024.

అక్కా,

వందనాలు. నీ ఉత్తరం మూడు సార్లు చదివాను. ఇన్నాళ్ళూ మర్యాదగా ఊరుకున్నాను, ఇంక నా వల్ల కాదు.

ఆ శనివారం పొద్దున రాజబాబుగారు పెట్టేసిన అరగంటకి నాకు ఇంకో ఫోన్ వచ్చింది. ఎవరిదో గుర్తుందా? నీదే. నేను రెఫరీనని అప్పుడే ఎవరో నీకు చెప్పారు. నువ్వు "బాగా ఊదరా" అనలేదు, "జాగ్రత్త" అనలేదు. ఏమన్నావో అక్షరం పొల్లు పోకుండా రాస్తాను: "ఒరేయ్, మన పిల్లకి ఇచ్చేడన్న మాట రాకూడదు. నాన్నగారు నలభై ఏళ్ళు ఈ ఊళ్ళో తలెత్తుకుని తిరిగేరు. మన పిల్ల గెలిస్తే నీ వల్ల గెలిచిందంటారు. ఆ మాట నేను పడలేనురా."

ఆ మాట చెవిలో పెట్టుకునే గ్రౌండులోకి దిగాను. మొదటి సగంలో జాస్మిన్‌ని వాళ్ళు రెండు సార్లు కాలు అడ్డం పెట్టి పడేశారు. రెండు సార్లూ ఊదలేదు. నీకు అది కనపడలేదు, ఎందుకంటే అప్పుడు నువ్వు కుర్చీలో కూర్చుని "బాగా ఊదుతున్నాడు" అనుకుంటున్నావు. ఆఖర్లో బంతి వలలో పడింది, ఆ పిల్ల కింద పడింది, పక్కనే మన పిల్ల నిలబడి ఉంది. తోసిందా లేదా అని అనుమానం వచ్చింది. అనుమానం వచ్చినప్పుడు ఎటు మొగ్గమంటావు? మనవైపు మొగ్గితే గ్రౌండంతా ఏమంటుంది? నాన్నగారి పేరు, నా పేరు, నీ పేరు ఏమవుతాయి? అనుమానం మన పిల్ల మీదే వేశాను. నువ్వు చెప్పినట్టే చేశాను.

ఇప్పుడు నేను పొరబడ్డానని రాస్తే ఏమవుతుందో తెలుసా? ఫైనల్లో కప్పు తారుమారు చేసిన రెఫరీ అని నా పేరు రెఫరీల జాబితాలోంచి కొట్టేస్తారు. స్కూల్లో పిల్లలకి నేను చెప్పే పాఠం ఒక్కటే, ఈల ఊదినవాడు దేవుడికి తప్ప ఎవరికీ భయపడకూడదని. ఆ పిల్లల ముందు ఏ మొహంతో నిలబడను?

అమ్మ పెట్టదు, అడుక్కు తిననివ్వదు అన్నట్టుంది నీ వరస. ఇస్తే మాట వస్తుందన్నావు, ఇవ్వకపోతే అత్తారింటికి అమ్ముడుపోయానంటున్నావు.

శ్యామ్ బాబు


రాజోలు,
17 అక్టోబరు 2024.

తమ్ముడూ,

అవును, అన్నాను.

నీ ఉత్తరం చదివి గంటసేపు వంటగదిలో కూర్చున్నాను. పాలు పొంగిపోతే మీ బావగారు వచ్చి స్టవ్ కట్టారు. ఆయనకి చూపించాను. చదివి, కళ్ళజోడు తీసి తుడుచుకుని, "మీ ఇద్దరూ కలిసి పిల్లని బాగా ఆడించేరు" అని పేపరు పట్టుకుని వెళ్ళిపోయారు. పాతికేళ్ళలో ఆ మనిషి నన్ను ఒక మాట అనడం ఇదే మొదలు.

కానీ నేనన్నది ఏమిటి, నువ్వు విన్నది ఏమిటి? మొహమాటపడి మన పిల్లకి ఎక్కువ ఇవ్వొద్దన్నాను. దానికి హక్కుగా రావలసింది కూడా లాగేసుకోమన్నానా? వంట చేసేటప్పుడు ఉప్పు ఎక్కువ వెయ్యకు అంటే అసలు ఉప్పే వెయ్యకుండా దించేస్తావా! కాలు అడ్డం పెట్టి పడేస్తే కూడా ఊదలేదా? రెండు సార్లా? ఆ పిల్ల మోకాలు ఇప్పటికీ వాచి ఉంది, నేను ఆటలో మామూలే అనుకుని పసుపు రాశాను.

నా మాట తప్పు. ఆ తప్పు నాది, నేనే మోస్తాను. ఈల మాత్రం నీ నోట్లో ఉంది, నా నోట్లో లేదు. నాన్నగారి పేరు మధ్యలోకి తేవద్దు. ఆయన బతికి ఉంటే మనిద్దర్నీ నిలబెట్టి అడిగేవారు.

నీ పేరు పోతుందని రాశావు. జాస్మిన్ పేరు ఇప్పటికే పోయింది. దానికి పదిహేడేళ్ళు, నీకు నలభై ఎనిమిది. ఎవరి పేరు ముందు కాపాడాలో నువ్వే తేల్చుకో. ఇంకో ఎనిమిది రోజులుంది.

కృపావతి


కొత్తపేట,
22 అక్టోబరు 2024.

అక్కకి,

వందనాలు. కమిటీకి ఇచ్చిన రిపోర్టు నకలు ఇందులో పెట్టాను. నిన్న మధ్యాహ్నం అమలాపురం వెళ్ళి రాజబాబుగారి చేతికే ఇచ్చాను. చదివి ఆయన "ఎందుకండీ ఈ గొడవ, అందరూ మర్చిపోతున్నారు కదండీ" అన్నారు. నేను మర్చిపోలేదండి అన్నాను.

రాసింది ఇంతే: "ఆ సమయంలో వాన వల్ల, ఆటగత్తెలు గుంపుగా ఉండటం వల్ల నాకు సరిగా కనపడలేదు. రాజోలు జట్టు క్రీడాకారిణి గోల్‌కీపరును తోసినట్టు ఊహించి ఎర్ర కార్డు చూపించాను. అది నా పొరపాటు. ఆ కార్డును రద్దు చేయవలసిందిగా కోరుతున్నాను."

రేచల్ మాట్లాడుతోంది. నీ చివరి ఉత్తరం తనే అడిగి తీసుకుని చదివింది. "ఉప్పు మాట వదినగారు కరెక్టుగా చెప్పేరు" అంది. వచ్చే వారం తనే నీకు ఫోన్ చేస్తుందట.

నా పేరు జాబితాలో ఉంచుతారో లేదో ఇంకా చెప్పలేదు. ఉంచినా ఈ ఏడాది ఈల ముట్టుకోను. ఇప్పుడైనా నీ మనసు కుదుటపడిందా?

నీ తమ్ముడు,
శ్యామ్ బాబు


రాజోలు,
5 నవంబరు 2024.

తమ్ముడు శ్యామ్ బాబుకి వందనాలు. ఈసారి మనసారా రాస్తున్నాను.

కార్డు రద్దయింది. జాస్మిన్ అటక మీంచి బూట్లు దింపుకుని, శనివారం ఎంపికకి వెళ్ళింది. జిల్లా జట్టులో పేరు వచ్చింది. పదహారో పేరు, అయినా వచ్చింది. ఆ కాగితం చేతికి వచ్చాక నేను గ్రౌండు గేటు దగ్గరే ప్రార్థన చేసుకున్నాను, నవ్వేవాళ్ళు నవ్వారు.

ఇక నా ఒళ్ళు మండిన సంగతి విను. లోకులు కాకులని ఊరికే అన్నారా! గేటు బయట ఇద్దరు తల్లులు మాట్లాడుకుంటున్నారు. ఒకావిడ, "ఆ పిల్ల కార్డు ఎలా పోయిందనుకున్నారు? రెఫరీ సొంత మావయ్యండి. కాగితం రాసిచ్చేసేడు" అంది. రెండో ఆవిడ "ఆయ్, మనకి ఎవరున్నారండి అలా రాసివ్వడానికి" అంది. నేను వినేలాగే అన్నారు. నేనేమీ ఊరుకోలేదు. కానీ ఏం చెప్పినా వాళ్ళ మొహాల్లో అదే నవ్వు.

ఏ మాట రాకూడదని నువ్వూ నేనూ కలిసి ఆ పిల్ల పీక నొక్కామో, ఆ మాట తీరిగ్గా నడుచుకుంటూ వచ్చేసింది. పడనే పడ్డాం కదా! అదేదో ఆ గోలుకే పడి ఉంటే, కప్పైనా మన రాజోల్లో ఉండేది.

మ్యాచ్ రోజు పొద్దున ఫోన్లో నేను నీతో అన్నది ఏమిటో జాస్మిన్‌కి చెప్పేశాను. దాచడం నా వల్ల కాలేదు. నా వైపు చూసి "నువ్వు కూడానా అమ్మా" అంది. రెండు రోజులు నాతో మాట్లాడలేదు. నాకు తగిన శాస్తే.

నీ రిపోర్టు నకలు కూడా చదివింది. చదివి, "అమ్మా, మావయ్య గోలు పక్కనే ఉన్నాడు. మా మధ్య ఎవరూ లేరు. వాన అప్పటికి ఆగిపోయింది. ఎందుకు కనపడలేదు?" అని అడిగింది. గ్రౌండులో హడావిడిలో అలాగే ఉంటుందమ్మా అని సర్దిచెప్పాను. నమ్మినట్టు లేదు. నీ నెంబరు అడిగి తీసుకుంది. మ్యాచ్ అయ్యాక దాని ఫోన్లోంచి తీసేసిందట.

చేస్తే ఎత్తు. 

అక్క


కొత్తపేట,
11 నవంబరు 2024.

అక్కకి,

వందనాలు. చేసింది. ఎత్తాను.

నిన్న ఆరాధన నుంచి వచ్చి చొక్కా మార్చుకుంటుంటే ఫోన్ మోగింది. పుట్టిన దగ్గర్నుంచి మావయ్యా, మావయ్యా అని నా వీపెక్కి తిరిగిన పిల్ల, "శ్యామ్ బాబుగారేనా అండీ?" అంది. గొంతులో కోపం లేదు. కోపం ఉంటే బాగుండేది.

"నేనేనమ్మా" అన్నాను.

"సరిగా కనపడలేదని రాసేరండి. నిజంగానే కనపడలేదాండి?"

రేచల్ గుమ్మంలో నిలబడి నా మొహమే చూస్తోంది. ఆ ఒక్క మాట దగ్గర నేను నీకు కూడా అబద్ధమే రాశాను అక్కా. అనుమానం వచ్చిందన్నాను. నాకు ఏ అనుమానమూ రాలేదు.

"కనపడిందమ్మా" అన్నాను. "నీకూ ఆ పిల్లకీ మధ్య మూరెడు ఖాళీ ఉంది. ఆ పిల్ల తనంతట తనే జారింది. నేను చూస్తూనే ఉన్నాను."

"మరి ఎందుకు ఊదేరండి?"

"నువ్వు నా మేనకోడలివి కాబట్టి."

"అదే ఇంకెవరైనా అయితేనండి?" అంది.

"గోలు ఇచ్చేవాణ్ణి."

"ఆయ్" అంది. అంతే, పెట్టేసింది.

ఇవాళ పొద్దున కమిటీకి ఇంకో ఉత్తరం ఇచ్చాను. కనపడలేదన్నది అబద్ధమని, చూసి కూడా ఊదానని, అది న్యాయమైన గోలేనని, నా పేరు జాబితాలోంచి నన్నే కొట్టేసుకోనివ్వమని రాశాను. రాజబాబుగారికి కోపం వచ్చింది. "కప్పు మళ్ళీ ఎక్కణ్ణించి తెమ్మంటారండి?" అని అరిచారు. ఆయనని ఏమంటాను? వచ్చే శనివారం అదే గ్రౌండులో జిల్లా జట్టుకి జెర్సీలు ఇస్తారట. రెండు నిమిషాలు మైకు ఇమ్మని అడిగాను. ఆ రోజు అక్కడున్నవాళ్ళందరి ముందూ ఈ మాటే చెబుతాను. మా బావమరుదులు కూడా వస్తారు. నువ్వు రావాలి, కుర్చీ ఎక్కినా ఏమీ అనను.

జాస్మిన్ నన్ను మళ్ళీ మావయ్యా అంటుందని కాదు అక్కా ఇదంతా. అనకపోవచ్చు. నాకు దాని మీద కూడా హక్కు లేదు. నాకు కోపం వస్తున్నది నా మీద. ఇరవయ్యారేళ్ళు ఎవరి మొహం చూసీ ఊదలేదని గొప్పలు చెప్పుకున్నాను. నీకు కూడా రాశాను. ఆ రోజు గ్రౌండులో ఇరవై రెండు మంది పిల్లలు ఆడారు. ఇరవై ఒక్క మందికి రెఫరీ ఉన్నాడు. మన పిల్లకే లేడు.

నీ తమ్ముడు,
శ్యామ్ బాబు